పాత పోర్షే కయెన్ కొందామనుకుంటే ముందు ఈ రిపేర్ల లెక్క చూసుకోండి

మొదటి తరం పోర్షే కయెన్ సెకండ్ హ్యాండ్ రేటు చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఒక మామూలు చిన్న కారు కొనే డబ్బుతో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, ఎయిర్ సస్పెన్షన్ (స్టీలు స్ప్రింగుల బదులు గాలితో పనిచేసేది), లెదర్ సీట్లు, పైగా బానెట్ మీద ఆ బ్యాడ్జి. నాకు ఈ బండంటే చాలా ఇష్టం, ప్రస్తుతం నడుపుతున్నది కూడా 955 (మొదట్లో వచ్చిన రకం) కయెన్ ఎస్‌యే. అందుకే కొనాలనుకునేవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది. ఏళ్లు గడిచేకొద్దీ దీని రేటు పడిపోయింది గానీ స్పేర్ పార్టుల రేటూ లేబరూ ఏమాత్రం పడలేదు, అవి ఇప్పటికీ ఒక ఖరీదైన కొత్త బండి స్థాయిలోనే ఉన్నాయి. ఈ తేడా లెక్కేసుకోకుండా కొన్నవాళ్లే ఏడాది తిరక్కుండా నష్టానికి అమ్ముకుంటున్నారు.

దీనికి ఏ రిపేరు వస్తుందో తెలియక భయపడాల్సిన పని మాత్రం లేదు. వచ్చే సమస్యలన్నీ దాదాపు పేర్లతో సహా తెలిసినవే, బాగు చేసే పద్ధతులూ స్థిరపడిపోయాయి. కాబట్టి మీరు చూస్తున్న బండికి వీటిలో ఏవి ఇప్పటికే చేయించారు, ఏవి మీ నెత్తిన పడబోతున్నాయి అన్నది తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ముందు ఏ బండి గురించి మాట్లాడుతున్నామో కొంచెం. కయెన్ 2002లో పారిస్ మోటార్ షోలో బయటికొచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్‌తో కలిసి తయారుచేసిన ప్లాట్‌ఫామ్ ఇది. మొదట వచ్చినవాటిని 955 అంటారు, 2007లో మార్పులు చేసి తెచ్చినవి 957, అవి 2010 దాకా నడిచాయి. 955లో ఎస్ అనే మోడల్‌కి 4.5 లీటర్ల వీ8, 340 హార్స్‌పవర్. టర్బోకి అదే ఇంజన్ మీద 450. తర్వాత 3.2 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల ఇంజన్) వచ్చింది, 250 హార్స్‌పవర్. 957లో వీ6 3.6 లీటర్లకీ వీ8 4.8 లీటర్లకీ పెరిగాయి, ఎస్ పవర్ 385, టర్బో 500 అయింది. చివర్లో 2009లో 3 లీటర్ల డీజిల్ కూడా ఇచ్చారు. ఈ తేడాలు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒక ఇంజన్‌కి వచ్చే జబ్బు ఇంకోదానికి రాదు.

955 వీ8 అనగానే మొదట అడగాల్సింది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పైపుల గురించి. వీ ఆకారంలో ఉన్న రెండు సిలిండర్ బ్యాంకుల మధ్య లోయలాంటి ఖాళీ ఉంటుంది కదా, అందులోంచి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే భాగం) కింద నుంచి ముందూ వెనకా కలుపుతూ కూలెంట్ పైపులు వెళ్తాయి. వాటిని ప్లాస్టిక్‌తో చేశారు. ఇంజన్‌లో బాగా వేడి ఉండే చోట, గాలి ఆడని చోట, ప్లాస్టిక్ పైపులు. ఏళ్ల తరబడి వేడెక్కీ చల్లారీ ఆ ప్లాస్టిక్ పెళుసుబారిపోయి ఒకరోజు పగులుతుంది. కొన్ని బండ్లలో ముందు సన్నగా కారుతుంది, కూలెంట్ లెవెల్ కొంచెం కొంచెం తగ్గుతూ ఉంటుంది, బండి ఆపాక తియ్యటి వాసన వస్తుంది. కొన్నిటిలో అలాంటి సూచన ఏదీ లేకుండా హైవే మీద ఒక్కసారిగా కూలెంట్ మొత్తం పోతుంది. అప్పుడు వెంటనే ఆపితే సరే, ఇంకాస్త దూరమేగా అని నడిపితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పై భాగానికీ మధ్య ఉండే సీలు) పాడయ్యేదాకా వెళ్తుంది.

ఇది తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. బండిని లిఫ్ట్ మీద పెట్టించి ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద నుంచి టార్చి వేసి చూడండి. పైన లోయలో కారిన కూలెంట్ వెనక్కి పారి అక్కడి నుంచే కిందికి దిగుతుంది, ఆరిపోయాక తెల్లటి, గులాబీ రంగు పొరలాగా అంటుకుని ఉంటుంది. వేలితో గీస్తే పొడిలా రాలుతుంది. అది కనపడిందంటే పైపులు ఇంకా పాతవే అని దాదాపు ఖాయం. పైగా ఈ ఇంజన్‌లో సెల్ఫ్ మోటార్ కూడా ఆ మానిఫోల్డ్ కిందే ఉంటుంది, కారిన కూలెంట్ దాని మీద పడి అదీ పాడవుతుంది. అందుకే పైపుల పని చేయించేటప్పుడే సెల్ఫ్ కూడా చూపించుకోవాలి. బాగానే పనిచేస్తోంది కదా అని వదిలేస్తే, రేపు అది పోయినప్పుడు మళ్లీ అదే మానిఫోల్డ్ విప్పాలి, మళ్లీ అదే లేబర్ కట్టాలి.

బాగు చేసే మార్గం మాత్రం శాశ్వతమైనదే. పోర్షేనే తర్వాత అల్యూమినియం పైపుల సెట్ తెచ్చింది, బయటి కంపెనీలవీ దొరుకుతున్నాయి. అల్యూమినియం పైపులు ఒకసారి వేస్తే ఈ సమస్య గురించి ఇక మర్చిపోవచ్చు. పార్టులకంటే లేబరే ఎక్కువ, తెలిసిన మెకానిక్‌కి కూడా పూర్తిగా ఒక రోజు పని. దాంతోపాటే వెనకవైపు ఉండే ప్లాస్టిక్ టీ జాయింటు, థర్మోస్టాట్, మానిఫోల్డ్ గ్యాస్కెట్లు, గట్టిపడిపోయిన చిన్న హోస్‌లు మార్పించేయాలి. నేను బండి తీసుకున్నాక అన్నిటికంటే ముందు చేయించిన పని ఇదే, పాతవి కారకముందే. విప్పి తీసిన ప్లాస్టిక్ పైపుని చేతిలో పట్టుకుని చివర కొంచెం నొక్కితే బిస్కెట్ ముక్కలా విరిగింది. ఆ ముక్క చూశాక ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, పైపులు మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసి ఆ మేరకు బేరం ఆడండి.

957 కొంటే ఈ గొడవ లేదా అంటే, ఆ పైపులు ఫ్యాక్టరీ నుంచే అల్యూమినియంవి. కాకపోతే 4.8 వీ8లో ఇంకో మెలిక ఉంది. కూలెంట్ హౌసింగ్‌లోకి వెళ్లే పైపుని జిగురుతో అతికించారు, వేడికి ఆ జిగురు వదిలేస్తే పైపు ఊడి బయటికొస్తుంది. కొందరు మెకానిక్‌లు దాన్ని పిన్నులు కొట్టి బిగిస్తారు, కొందరు వెల్డింగ్ చేయిస్తారు. రెండూ పనిచేసే పద్ధతులే. ఇంకొకటి, 957 పెట్రోల్ ఇంజన్లు డైరెక్ట్ ఇంజెక్షన్‌వి (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం) కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు క్లీన్ చేయించాల్సిందే.

ఇక ప్రొపెల్లర్ షాఫ్ట్. ఇది మీరు టెస్ట్ డ్రైవ్‌లోనే పట్టేయగలరు. వెనక చక్రాలకి పవర్ తీసుకెళ్లే షాఫ్ట్‌ని మధ్యలో ఒక బేరింగ్ పట్టుకుని ఉంటుంది, ఆ బేరింగ్ చుట్టూ రబ్బరు. ఆ రబ్బరు చిరిగిందంటే షాఫ్ట్ ఊగుతూ పైన ఫ్లోర్‌కి తగులుతుంది. నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కితే రెండు ముందు సీట్ల మధ్య కింద నుంచి దబ్‌దబ్‌మని చప్పుడు, అదురు కాళ్లకి కూడా తెలుస్తుంది. విన్నవాళ్లు గేర్‌బాక్స్ పోయిందని హడలిపోతారు. గేర్‌బాక్స్‌కి దీనికి సంబంధం లేదు. లిఫ్ట్ మీద పెట్టి షాఫ్ట్‌ని బేరింగ్ దగ్గర చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే ఎంత లూజుందో వెంటనే తెలిసిపోతుంది.

డీలర్ దగ్గరికి వెళ్తే మొత్తం షాఫ్ట్ మార్చాలంటారు, ఎందుకంటే వాళ్ల పార్టుల జాబితాలో బేరింగ్ విడిగా ఉండదు. ఆ షాఫ్ట్ ఖరీదు వింటే గుండె గుభేలుమంటుంది. బయట బేరింగ్ సపోర్ట్ విడిగా దొరుకుతుంది, షాఫ్ట్ విప్పి ప్రెస్ మీద మార్చే మెకానిక్ ఉంటే కొత్త షాఫ్ట్ ధరలో చిన్న వంతుతో పని అయిపోతుంది, లేబర్ కూడా రెండు మూడు గంటలే. ఈ బండితో డబ్బు ఎక్కడ ఆదా అవుతుంది, ఎక్కడ వృథా అవుతుంది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

పైన చెప్పినవన్నీ డబ్బుతో తీరే సమస్యలు. బండి కొనాలా వద్దా అన్నది తేల్చే సమస్య మాత్రం ఒక్కటే, 4.5 వీ8లో సిలిండర్ బోర్లు (పిస్టన్ జారే లోపలి గోడలు) గీతలు పడటం. ఈ ఇంజన్ బ్లాక్‌కి ఇనుప లైనర్లు ఉండవు. సిలికాన్ ఎక్కువగా కలిపిన అల్యూమినియంతో పోత పోసి, ఆ సిలికాన్ కణాల మీదే పిస్టన్ జారేలా చేశారు, పిస్టన్‌కి పైన ఒక పూత వేశారు. ఆ పూత అరిగిపోతే అల్యూమినియం మీద అల్యూమినియం రాసుకుని గోడల మీద నిలువు గీతలు పడతాయి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టక్‌టక్‌మని లోపల కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది, వేడెక్కాక తగ్గినా తగ్గొచ్చు. ఇంజన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది, సైలెన్సర్ పైపుల్లో ఒకవైపు మసి ఎక్కువగా పడుతుంది.

దీన్ని కంప్రెషన్ టెస్ట్‌తో (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) తేల్చేద్దామనుకోకండి. గీతల్లో ఆయిల్ నిండి ఉంటే కంప్రెషన్ బాగానే చూపిస్తుంది, టెస్ట్ పాసైన ఇంజన్‌లో కూడా బోరు పాడై ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఆ రంధ్రాల్లోంచి ఎండోస్కోప్ కెమెరా దించి, పిస్టన్‌ని పూర్తిగా కిందికి తెచ్చి ఒక్కో సిలిండర్ గోడా చుట్టూ చూడాలి. ఎనిమిదీ చూడాలి. మంచి బోరు సమంగా బూడిద రంగులో ఉంటుంది, పోయిన బోరులో పైనుంచి కిందికి మెరిసే చారలు స్పష్టంగా కనపడతాయి. ఈ పరీక్షకి మెకానిక్ తీసుకునే డబ్బు పెద్దదేం కాదు. తేడా వస్తే మాత్రం బ్లాక్‌కి లైనర్లు వేయించడమో ఇంజన్ మార్చడమో చేయాలి, ఆ ఖర్చు బండి రేటుని మించిపోతుంది. అమ్మేవాళ్లు ఎండోస్కోప్ పెట్టనివ్వం అంటే నేనైతే అక్కడితో దండం పెట్టి వచ్చేస్తాను. ఇంకో జాగ్రత్త కూడా, మీరు వెళ్లేసరికి ఇంజన్ అప్పటికే వేడిగా ఉంటే ఆరోజుకి వద్దని చెప్పి ఇంకోరోజు పొద్దున్నే, ముట్టుకోకుండా ఉంచమని చెప్పి మళ్లీ వెళ్లండి. ఈ ఇంజన్ అసలు రంగు చల్లటి స్టార్ట్‌లోనే బయటపడుతుంది.

వీ6కి ఈ బోరు గండం లేదు, దాని బ్లాక్ పోత ఇనుముది. అయితే దానికి దాని కష్టం దానికుంది. టైమింగ్ చెయిన్లు (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చేసేవి) ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. చెయిన్ సాగితే స్టార్ట్ చేసినప్పుడు గరగరమని చప్పుడూ కామ్‌షాఫ్ట్ టైమింగ్ గురించి ఎర్రర్ కోడూ వస్తాయి. చెయిన్ సెట్ ధర భరించగలిగేదే గానీ దాని దాకా వెళ్లాలంటే గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి లేబర్ తడిసి మోపెడవుతుంది.

ఎయిర్ సస్పెన్షన్ టర్బోకి స్టాండర్డ్, మిగతావాటికి ఆప్షన్. పూర్తిగా పైకి లేపితే గ్రౌండ్ క్లియరెన్స్ 273 మిల్లీమీటర్లు వస్తుంది, రోడ్డు మీద ఆ కంఫర్ట్ వేరే. దీన్ని పాడు చేసేది నిర్లక్ష్యమే. ముందు ఒక ఎయిర్ స్ట్రట్ (చక్రం దగ్గర గాలి నిండి ఉండే భాగం) సన్నగా లీకవుతుంది, రాత్రి ఆపిన బండి పొద్దున్నకి ఒక మూల వంగి ఉంటుంది, స్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ గాలి నింపడానికి కంప్రెసర్ రోజూ అవసరానికి మించి తిరిగి తిరిగి కాలిపోతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వచ్చే చోటే లీకు. స్ట్రట్ ఒక్కటే అయితే ఒకరకం ఖర్చు, కంప్రెసర్ కూడా చేరితే అంతకు అంత. కొనేటప్పుడు ప్రతి ఎత్తుకీ పెట్టించి ఎంతసేపట్లో లేస్తుందో, ఎక్కడైనా ఆగుతుందో చూడండి. స్టీలు స్ప్రింగుల బండి దొరికితే ఈ తలనొప్పే ఉండదు, మొదటిసారి ఇలాంటి బండి కొనేవాళ్లకి నేను అదే చెబుతాను.

గేర్‌బాక్స్ ఐసిన్ కంపెనీ ఆరు గేర్ల ఆటోమేటిక్, గట్టిదే. గేర్ మారేటప్పుడు ఝటకా ఇస్తోందంటే మొత్తం గేర్‌బాక్స్ మార్చేయాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. అరిగేది చాలావరకు వాల్వ్ బాడీ (గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని మళ్లించి గేర్లు మార్చే భాగం), దాన్ని విడిగా రిపేరు చేస్తారు, కొన్నిసార్లు ఆయిల్, ఫిల్టర్ మారిస్తేనే సర్దుకుంటుంది. ఆ ఆయిల్ లెవెల్‌ని ఇంజన్ నడుస్తుండగా, నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి. ఏదో అందాజుగా పోసేసే షెడ్డులో ఈ పని చేయించొద్దు.

నీళ్ల సంగతి చాలామంది రిపేర్ల జాబితాలో కూడా చేర్చరు గానీ నా దృష్టిలో ఇది చాలా ముఖ్యం. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర పడిన వాన నీళ్లు పోవడానికి డ్రెయిన్లు ఉంటాయి, సన్‌రూఫ్‌కి కూడా నాలుగు మూలల్లోంచి గొట్టాలు దిగుతాయి. ఆకులూ దుమ్మూ చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలికి వచ్చి కార్పెట్ కింద నిలుస్తాయి. పైన కార్పెట్ పొడిగానే ఉంటుంది, కింద ఉన్న మందపాటి ఫోమ్ మాత్రం నానిపోయి ఉంటుంది, అక్కడే వైరింగ్ కనెక్టర్లు. బ్యాటరీ కూడా ఎడమవైపు ముందు సీటు కిందే. ఆ తర్వాత పొంతన లేని ఎర్రర్‌లు మొదలవుతాయి, ఒకరోజు తలుపు లాక్ పడదు, ఇంకోరోజు బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. మెకానిక్ ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతాడు, సమస్య అలాగే ఉంటుంది. కార్పెట్ మీద అరచేయి పెట్టి గట్టిగా అదిమి చూడండి, ముక్కిన వాసన వస్తుందేమో చూడండి. డ్రెయిన్లు శుభ్రం చేసుకోవడానికి దాదాపు ఖర్చే ఉండదు, తడిసిన వైరింగ్ బాగు చేయడం మాత్రం ఎంతకి తెగుతుందో మెకానిక్ కూడా ముందుగా చెప్పలేడు.

చిన్నా చితకా చాలా ఉన్నాయి. ఇగ్నిషన్ కాయిల్స్ పగిలి మిస్‌ఫైర్ అవుతాయి, ఇది తేలికైన పని, ఒకటి పోతే మిగతావి కూడా అదే వయసువి కాబట్టి ప్లగ్‌లతో సహా అన్నీ ఒకేసారి మార్చడం మేలు. తలుపు లాకుల్లో మైక్రోస్విచ్‌లు పోతాయి. ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు అరుగుతాయి, 2.2 టన్నుల పైచిలుకు బరువు కదా. ఆ బరువుకే బ్రేక్ డిస్కులూ ప్యాడ్లూ టైర్లూ మామూలు కారుకంటే త్వరగా అయిపోతాయి, ఇంజన్ ఆయిల్ వీ8కి ఎనిమిది లీటర్ల పైనే పడుతుంది. పెట్రోల్ సంగతి అడిగితే, సిటీ ట్రాఫిక్‌లో లీటరుకి ఐదు కిలోమీటర్లు రావడం కూడా గగనం.

ఖర్చు తగ్గించుకోవడానికి నిజంగా పనికొచ్చేది టువారెగ్‌తో ఉన్న చుట్టరికం. సస్పెన్షన్‌లో, గేర్‌బాక్స్‌లో, తలుపుల్లో, వీ6 ఇంజన్‌లో చాలా పార్టులు రెండింటికీ ఒకటే, పెట్టె మీద పేరు మారితే రేటు మారుతుంది. పోర్షే నంబర్ 955తో మొదలయ్యే పార్టుకి 7ఎల్‌తో మొదలయ్యే ఫోక్స్‌వ్యాగన్ నంబర్ ఉందేమో ఆర్డర్ ఇచ్చేముందు వెతకండి. అలాగని కూలెంట్ పైపులు, ఎయిర్ స్ట్రట్‌లు, సెన్సార్లలో మరీ చవక రకానికి వెళ్లొద్దు, అవి మళ్లీ విప్పడానికయ్యే లేబర్ ముందు ఆ ఆదా ఏమూలకీ రాదు. ఈ బండ్లు విప్పి అలవాటున్న ఇండిపెండెంట్ మెకానిక్ ఒకడు మీకు అందుబాటులో ఉండటం చాలా అవసరం. బండి ఖరారు చేసుకునేముందే ఆ మెకానిక్‌ని ఖరారు చేసుకోండి. ప్రతి పనికీ డీలర్ దగ్గరికే వెళ్లాల్సి వస్తే ఈ వయసు బండి గిట్టుబాటు కాదు.

ఎంత పక్కన పెట్టుకోవాలని అడిగితే నా అంచనా ఇది. పైపులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బేరింగ్, సస్పెన్షన్ పనులు బిల్లులతో సహా చేయించి ఉన్న బండికి, కొన్న ధరలో కనీసం మూడో వంతు చేతిలో ఉంచుకోవాలి. ఏ కాగితమూ లేని బండికి కొన్నంత డబ్బు ఇంకోసారి పెట్టడానికి సిద్ధపడాలి. ఆ లెక్కన చూస్తే కొంచెం ఎక్కువ రేటు చెప్పినా మొదటి బండే చవక. కిలోమీటర్లు తక్కువ తిరిగిందని మురిసిపోయి ఏళ్ల తరబడి మూలన పడున్న బండి తీసుకోవద్దు, రబ్బరూ ప్లాస్టిక్కూ తిరగకపోయినా ముసలివైపోతాయి.

ఇన్ని చెప్పినా ఈ బండిని వద్దనను. తుప్పు పెద్దగా పట్టదు, లోపలి పనితనం ఇన్నేళ్ల తర్వాత కూడా గట్టిగా ఉంటుంది. లో రేంజ్ గేర్లు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో వెళ్లడానికి) ఉన్నాయి, బురదలోకైనా దించొచ్చు, 3.5 టన్నుల ట్రైలర్ లాగగలదు. అంత బరువున్న బండి మలుపుల్లో తొణక్కుండా తిరుగుతుంటే స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాదు. నన్నడిగితే, రోజూ ఆఫీసుకి వెళ్లిరావడానికైతే చెయిన్ చప్పుడు లేని, స్టీలు స్ప్రింగుల వీ6 తీసుకోండి. ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకి 2009 తర్వాతి డీజిల్ బాగుంటుంది, చిన్న చిన్న దూరాలకే వాడితే మాత్రం దాని పొగ ఫిల్టర్ మూసుకుపోతుంది. వీ8 మీదే మనసుంటే ఎండోస్కోప్‌లో బోర్లు శుభ్రంగా ఉండి, అల్యూమినియం పైపులు పడిన 955 ఎస్ కోసం ఓపిగ్గా వెతకండి. టర్బో జోలికి మాత్రం రెండో కారు ఇంట్లో ఉంటేనే వెళ్లండి. దానిలో ప్రతి పనికీ ఎస్‌కంటే ఎక్కువ విప్పాలి, రెండు టర్బోలూ వాటి పైపులూ అదనం, విడిభాగం రావడానికి ఆగాల్సి వస్తే బండి షెడ్డులోనే ఉండిపోతుంది.